పిల్లలకు లేజర్ ఆపరేషన్ చేయించాలా? ముందు పాత చీటీలు వెతకండి

కర్నూలులో నాది చిన్న కళ్ళద్దాల షాపు. ప్రతి ఏడాదీ ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి జూన్ ఆఖరు దాకా కౌంటర్ ముందు ఒకటే మాట. "అన్నా, పాప బీటెక్‌కు హాస్టల్‌కు పోతాంది, ఈ లోపల లేజర్ చేయించి సైటు తీసేయిస్తే ఒక పని అయిపోతుంది కదా?" పాప వయసు అడిగితే 17. మొన్నొకాయన ఆళ్ళగడ్డ నుంచి ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు, క్రికెట్ ఆడుతుంటే నెలకో ఫ్రేము విరుగుతోందట, ఆపరేషన్ ఎక్కడ చేస్తారో చెప్పు చాలు అన్నాడు.

అద్దాలు అమ్ముకునేవాడు ఆపరేషన్ వద్దంటే ఎవరికైనా అనుమానం వస్తుంది, రావాలి కూడా. అందుకని ముందే చెప్పేస్తున్నా, మా అమ్మాయికి 23వ ఏట నేనే దగ్గరుండి చేయించాను, ఇప్పుడు అద్దాల్లేకుండా స్కూటీ నడుపుకుంటోంది. లేజర్ మీద నాకు కోపమేమీ లేదు, ఈ తొందర చూస్తేనే భయం.

18 లోపు పిల్లలకు మామూలు సైటు తీయడానికి లేజర్ చేయరు. అమెరికాలో మందులకు, వైద్య యంత్రాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, లాసిక్ అనే లేజర్ పద్ధతి యంత్రాలకు అనుమతి ఇచ్చిందే 18 నిండినవాళ్ళకు, కొన్నింటికి 21, స్మైల్ అనే పద్ధతికైతే 22. ఇక్కడ కూడా బాధ్యత ఉన్న డాక్టరెవరూ 18 లోపు ముట్టుకోరు, చాలామంది 20, 21 దాకా ఆగమంటారు. ఇంతకీ 18 నిండగానే అర్హత వచ్చేసిందని కాదు. సైటు పెరగడం ఆగిందా లేదా అన్నదే అసలు లెక్క. ఆ లెక్క ఆధార్ కార్డులో ఉండదు, మీ బీరువాలోనో, టీవీ కింద సొరుగులోనో పడున్న పాత కళ్ళద్దాల చీటీల్లో ఉంటుంది.

మొదటి పని: చీటీలన్నీ తేదీల వారీగా పరచండి

పిల్లకు మొదటిసారి అద్దాలు రాసినప్పటి నుంచి ఉన్నవన్నీ తీయండి. బడిలో చూసి రాసినవి కూడా పనికొస్తాయి. 2019 అక్టోబర్ 10న అనంతపురంలో మొదలైన కంటి వెలుగు అనే ప్రభుత్వ కంటి పరీక్షల పథకం మొదటి విడతలో బడి పిల్లలనే చూశారు, మన జిల్లాల్లో చాలామందికి మొదటి అద్దాలు అప్పుడే వచ్చాయి. చీటీ పోయినా పాత అద్దాలుంటే దగ్గర్లోని ఏ షాపుకైనా తీసుకెళ్ళండి, లెన్సోమీటర్ మీద పెట్టి నిమిషంలో పవర్ చెప్తారు. నా దగ్గరకైతే డబ్బులక్కర్లేదు, కూర్చోండి, టీ తాగి పోండి.

చీటీలో ప్రతి కంటికీ మూడు అంకెలు ఉంటాయి. మొదటిది స్ఫియర్, అంటే మనం సైటు అనేది. రెండోది సిలిండర్. మూడోది యాక్సిస్, సిలిండర్ ఏ కోణంలో ఉందో చెప్పేది. ఈ ఏడాదికీ పోయిన ఏడాదికీ స్ఫియర్‌లో గానీ సిలిండర్‌లో గానీ తేడా 0.50 దాటిందంటే ఆ పిల్ల పవర్ ఇంకా ఆగలేదన్నమాట, వయసు 19 అయినా సరే. కనీసం ఏడాది పాటు అంకె కదలకుండా ఉండాలి, రెండేళ్ళయితే ఇంకా నయం.

ఉదాహరణకు ఒక పిల్లాడికి 13లో మైనస్ 1.75, 15లో 3.00, 16లో 3.75, 17లో 4.25 ఉందనుకోండి. వాడికి 16లో ఎవరో ఆపరేషన్ చేసి సున్నా చేశారు. 17కల్లా అర పాయింటు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, డిగ్రీ అయ్యేసరికి ఒకటో ఒకటిన్నరో అవుతుంది, మళ్ళీ అద్దాలే. రెండోసారి చేద్దామంటే లేజర్ చెక్కడానికి నల్లగుడ్డు మీది పొరలో మందం మిగిలి ఉండాలి కదా.

ఎందుకిట్లా అంటే, పుట్టినప్పుడు కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది, పెద్దయ్యేసరికి 23, 24 అవుతుంది. దూరం కనపడని పిల్లల్లో అది అక్కడ ఆగకుండా ఇంకా సాగుతుంది, ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే రెండున్నర మూడు పాయింట్ల సైటు. లేజర్ సరిచేసేది ముందు భాగంలో ఉన్న కార్నియా అనే పారదర్శకమైన పొరను. వెనక సాగడాన్ని అది ఆపలేదు. జూన్‌లో బడి యూనిఫాం కుట్టించేటప్పుడు మనం ఏం చేస్తాం, రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టమంటాం, వచ్చే ఏడాదికి విప్పుకోవచ్చని. కార్నియాకు ఆ మడత లేదు, కత్తిరించింది కత్తిరించినట్టే.

మా అమ్మాయి 19లో పోరు పెడితే ఒక ఊళ్ళో ఒక సెంటర్‌కు తీసుకెళ్ళాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి వయసు చూసి "18 నిండాయి కదా అంకుల్, ఈ వారం ఆఫర్ ఉంది" అని ఫారం ముందు పెట్టింది. పోయిన ఏడాది పవరెంత అని ఒక్కరూ అడగలేదు. నేను చీటీలు తీసి చూపిస్తే ఆ ఏడాదిలో 0.75 కదిలి ఉంది. లేచి వచ్చేశాం. బస్సులో దారి పొడుగునా నాతో మాట్లాడలేదు.

రెండో పని: చుక్కలు వేసి పరీక్ష చేయించండి

పిల్లల కంట్లో ఫోకస్ చేసే కండరం బలంగా ఉంటుంది. గడ్డం ఆనించి బెలూన్ బొమ్మ చూపించే కంప్యూటర్ చెకప్‌లో అది బిగుసుకుంటే లేని మైనస్ కూడా చూపిస్తుంది. రాత్రంతా ఫోన్ చూసి పొద్దున్నే చెకప్‌కు వచ్చే పిల్లల్లో ఇది నేను ఎన్నిసార్లు చూశానో. అందుకే కండరాన్ని వదులు చేసే చుక్కలు వేసి చూడమని కంటి డాక్టరును అడగండి. సైక్లోపెంటోలేట్ అయితే ఒక రోజు మసకగా ఉంటుంది, అట్రోపిన్ పూర్తి మోతాదులో వేస్తే వారం పది రోజులు. పరీక్షల ముందు పెట్టుకోకండి, దసరా సెలవుల్లోనో సంక్రాంతికో పెట్టుకోండి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ఈ మాత్రం దానికి హైదరాబాదు దాకా పోనక్కర్లేదు.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునే పిల్లలైతే లేజర్ కోసం కొలతలు తీసే ముందు మెత్తటివి ఒకటి రెండు వారాలు, గట్టివి మూడు నాలుగు వారాలు మానేయాలి. లేకపోతే లెన్సు నొక్కిన ఆకారాన్నే యంత్రం కొలుస్తుంది.

మూడోది, మన ఎండల్లో దుమ్ములో అన్నిటికన్నా ముఖ్యమైనది: పిల్లాడు కళ్ళు నలుపుతాడా?

ఇక్కడ కాసేపు ఆగి చదవండి. మన సీమలో ఎండ, పొడి గాలి, దానికి తోడు ఆదోని వైపు పత్తి దుమ్ము, బేతంచెర్ల వైపు నాపరాళ్ళ పాలిష్ దుమ్ము. వేసవి మొదలైతే పిల్లల కళ్ళు ఎర్రబడి, దురదపెట్టి, తీగల్లా పుసి సాగుతుంది. డాక్టర్లు దీన్ని కంటి అలర్జీ అంటారు, చీటీలో వీకేసీ అని రాస్తారు. పిల్లలు పిడికిలి పెట్టి గట్టిగా రుద్దుతారు, రుద్దితే హాయిగా ఉంటుంది వాళ్ళకు. ఏళ్ళ తరబడి అట్లా రుద్దే పిల్లల్లో కొందరికి కార్నియా పలచబడి శంఖంలా ముందుకు పొడుచుకొస్తుంది. దాని పేరు కెరటోకోనస్. ఎక్కువగా ఈ టీనేజీలోనే మొదలవుతుంది, అంటే మనం లేజర్ లేజర్ అని తిరిగే వయసులోనే.

ఆ కంటికి లేజర్ చేస్తే, ఇప్పటికే బలహీనంగా ఉన్న గోడను ఇంకా గీకినట్టు. ఉబ్బు వేగంగా పెరుగుతుంది, చూపు పోతుంది, కొందరికి చివరకు కార్నియా మార్చాల్సి వస్తుంది.

గుర్తు పట్టడం ఎట్లాగంటే మళ్ళీ ఆ చీటీలే. సిలిండర్ ఏడాదికేడాది పెరుగుతూ పోవడం, యాక్సిస్ నిలకడగా లేకుండా తిరగడం, కొత్త అద్దాలు వేసినా చివరి వరుస చదవలేకపోవడం, రాత్రి లైట్ల చుట్టూ చారలు కనపడటం, ఒక అక్షరానికి నీడలా ఇంకో అక్షరం పడటం. ఇందులో నా తప్పు ఒకటుంది, చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట డోన్ నుంచి ఒక పిల్లాడు వచ్చేవాడు. సిలిండర్ ఒకటి నుంచి ఏడాదిలో రెండున్నర అయింది. అద్దాలు కుదరడం లేదని రెండుసార్లు తిరిగొస్తే నేను ఫ్రేము వంగిందేమో అనుకొని సరిచేసి పంపాను. మూడోసారి వాళ్ళ నాయన కోపంతో హైదరాబాదు తీసుకెళ్తే అక్కడ టోపోగ్రఫీ తీసి కెరటోకోనస్ అన్నారు. ఆ తర్వాత నుంచి సిలిండర్ పరుగెత్తే పిల్లలెవరు కనపడినా నేను అద్దాలు అమ్మను, ముందు కార్నియా మ్యాప్ తీయించుకు రమ్మంటాను.

ఆ మ్యాప్‌నే టోపోగ్రఫీ అనో, యంత్రం పేరు పెట్టి పెంటాకామ్ అనో అంటారు. నొప్పి ఉండదు, కంటికి ఏదీ తగలదు, రంగురంగుల కాగితం ఒకటి చేతికిస్తారు. లేజర్ చేయించినా చేయించకపోయినా, బాగా కళ్ళు నలిపే పిల్లలకు ఒకసారి తీయించండి. తొందరగా దొరికితే సీ3ఆర్ అని ఒక చికిత్స ఉంది, రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పెట్టి కార్నియాను గట్టిపరుస్తారు. దానితో సైటు తగ్గదు, జబ్బు ముదరడం ఆగుతుంది. దీన్ని కూడా కొందరు లేజర్ అనే పిలుస్తారు, "మా వాడికి లేజర్ అయిపోయింది, ఇంకా అద్దాలెందుకు" అని గొడవపడతారు. రెండూ వేరు.

దురదకు ఏం చేయాలంటే చల్లటి నీళ్ళ గుడ్డ కాపడం, బయటి నుంచి రాగానే ముఖం కడగడం, డాక్టరు రాసిన అలర్జీ చుక్కలు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో కన్ను తెల్లగా అయిపోతుంది, అదే దానితో వచ్చే చిక్కు. బాగుంది కదా అని నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు, చిన్న వయసులోనే శుక్లాలు వస్తాయి. ఆముదం, తల్లిపాలు, ఆకు పసర్లు కూడా కంట్లో పోయకండమ్మా, చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది.

ఒక కన్ను బాగా, ఒక కన్ను తక్కువ ఉన్న చిన్న పిల్లలు

"పెద్దయ్యాక లేజర్ ఎలాగూ చేయిస్తాం, ఇప్పటి నుంచే ఆడపిల్లకు అద్దాలెందుకు, రేపు సంబంధాలు చూసేటప్పుడు పేరు పడుతుంది." ఇంతకంటే నష్టం చేసే ఆలోచన ఇంకోటి లేదు. రెండు కళ్ళ సైటులో బాగా తేడా ఉంటే మెదడు బాగున్న కంటినే వాడుకొని రెండోదాన్ని పక్కన పెట్టేస్తుంది, దాన్నే లేజీ ఐ అంటారు. ఏడెనిమిదేళ్ళ లోపు సరైన అద్దాలు పెట్టి, బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్, అంటే కన్ను మూసే పట్టీ వేస్తే చూపు బాగా తిరిగొస్తుంది, టీనేజీ పిల్లల్లో కూడా కొంత వస్తుంది కాబట్టి ఆలస్యమైందని వదిలేయొద్దు. 18 దాకా వదిలేసి లేజర్ చేస్తే కార్నియా సరవుతుంది, మెదడు నేర్చుకోని చూపు మాత్రం రాదు.

ఇక్కడే ఒక మినహాయింపు. ఒక కంటికి మైనస్ 8 ఉండి ఇంకో కంటికి ఏమీ లేని పిల్లాడు అద్దాలు పెట్టనివ్వడు, కాంటాక్ట్ లెన్సూ నిలవడం లేదు, లేదా ఆటిజం లాంటి ఇబ్బంది ఉండి ముఖం మీద ఏదీ ఉంచుకోడు, చూపేమో పోతోంది. అట్లాంటి కొద్దిమంది పిల్లలకు, మత్తిచ్చి, పీఆర్‌కే అనే పద్ధతిలో పైపొర మీద లేజర్ చేయడం గానీ కంటి లోపల అదనపు లెన్సు పెట్టడం గానీ ఉంది. పిల్లల కంటి విభాగం, కార్నియా విభాగం రెండూ ఉన్న పెద్ద ఆసుపత్రుల్లోనే ఆలోచించాల్సిన విషయం ఇది. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్, చెన్నైలో శంకర నేత్రాలయ లాంటివి. కడప వాళ్ళకు తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి దగ్గర, అనంతపురం వాళ్ళకు బెంగళూరు దగ్గర, ముందు అక్కడ చూపించుకోవచ్చు. చేసినా ప్యాచ్ తప్పదు, అద్దాలూ తప్పకపోవచ్చు. క్రికెట్ కోసం, ఫొటోల కోసం ఈ దారి లేదు. క్రికెట్ ఆడే పిల్లాడికి పాలీకార్బొనేట్ అద్దాలు, వెనక బెల్టు ఉన్న స్పోర్ట్స్ ఫ్రేము కొనివ్వండి. ఆళ్ళగడ్డ ఆయనకు అదే ఇచ్చి పంపాను.

18 నిండింది, అంకె ఆగింది. ఇప్పుడు డాక్టరును ఏం అడగాలి

కార్నియా మందం ఎంత అని అడగండి. సగటున 540 మైక్రాన్లు ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. లాసిక్‌లో ముందు 100 నుంచి 120 మైక్రాన్ల పొర మూతలా లేపుతారు, తర్వాత ఒక్కో పాయింటుకు సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు లేజర్ చెక్కేస్తుంది. అడుగున కనీసం 250 మిగలాలి, జాగ్రత్తపరులైన డాక్టర్లు 300 ఉండాలంటారు. మా అమ్మాయిది 531, సైటు నాలుగున్నర. 531లో మూతకు 110 తీసేసి, చెక్కడానికి ఇంకో 63 తీసేస్తే 358, బాగా మిగిలింది. అదే 480 మందం, 8 సైటు ఉంటే చేతిలో 258 మిగులుతుంది, 250కి అంచున ఉన్నట్టే, అప్పుడు చేస్తామన్నవాళ్ళ దగ్గర నుంచి లేచి వచ్చేయండి. అట్లాంటి వాళ్ళకు కంటి లోపల పెట్టే ఐసీఎల్ లెన్సు ఉంది, అదీ 21 తర్వాత మాట.

ఆ తర్వాత కన్నీళ్ళు సరిగ్గా ఊరుతున్నాయో చూపించే చిన్న పరీక్ష, చుక్కలు వేసి రెటీనా, అంటే కంటి వెనక పొర పరీక్ష. ఈ రెండోది వదలొద్దు. సైటు ఎక్కువున్న కన్ను వెనక సాగి ఉంటుంది కాబట్టి రెటీనా చిరిగే ముప్పు ఆపరేషన్ తర్వాత కూడా అట్లాగే ఉంటుంది, అద్దాలు పోయినంత మాత్రాన అది పోదు. మెరుపులు, నల్ల చుక్కల వాన, ఒక పక్క తెర పడ్డట్టు కనపడితే ఆ రోజే వెళ్ళాలి. పెళ్ళయి గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు కూడా పవర్ కదులుతుంది, అప్పుడు చేయించొద్దు.

ఉద్యోగం సంగతి ఆపరేషన్‌కు ముందే చూసుకోండి. గుంతకల్లు రైల్వే ఊరు, అక్కడి పిల్లల్లో సగం మందికి లోకో పైలట్ కావాలని ఉంటుంది. అద్దాలు తీసేస్తే మెడికల్‌లో పాసవుతామని లాసిక్‌కు పోతారు. అసిస్టెంట్ లోకో పైలట్ వైద్య పరీక్షలో లాసిక్ చేయించుకున్నవాళ్ళను తీసుకోరు. ఎయిర్‌ఫోర్స్‌లో కొన్ని విభాగాలకు ఒప్పుకుంటారు కానీ 20 ఏళ్ళ లోపు చేయించుకుంటే ఒప్పుకోరు, చేయించాక 12 నెలలు గడవాలి. నోటిఫికేషన్‌లో మెడికల్ పేజీ చదివి, ఆ తర్వాతే ఆసుపత్రి మెట్లెక్కండి.

అప్పటిదాకా

రోజుకు రెండు గంటలు పిల్లలు ఆరుబయట వెలుతురులో ఉంటే సైటు రావడం తగ్గుతుంది. మన ఎండకు పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తర్వాత పంపండి, తుంగభద్ర ఒడ్డుకో స్టేడియానికో. సైటు వేగంగా పెరిగే పిల్లలకు రాత్రిపూట వేసే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు, పెరుగుదలను నెమ్మది చేసే ప్రత్యేక అద్దాలు ఉన్నాయి, డాక్టరును అడగండి. ఆ అద్దాలు ఖరీదైనవే. తక్కువ పవర్ అద్దాలిస్తే సైటు ఆగుతుందనేది తప్పు, పూర్తి పవర్ పెట్టాలి. పొన్నగంటి కూర వండండి, మంచిదే, సైటు మాత్రం దిగదు.

పిల్ల అలిగితే అలగనివ్వండి. మా అమ్మాయి నాలుగేళ్ళు అలిగింది. 22, 23 రెండేళ్ళూ అంకె ఒక్క పావు కూడా కదల్లేదు, అప్పుడు తనే చీటీలు వరసగా టేబుల్ మీద పరిచి "ఇప్పుడేమంటావు నాయనా" అంది.

ఆపరేషన్ అయ్యాక ఆ ఫైలు పారేయొద్దు. లేజర్‌కు ముందున్న పవర్, కార్నియా వంపు, మందం కొలతలన్నీ అడిగి రాయించుకోండి. అరవయ్యో ఏట శుక్లాల ఆపరేషన్‌కు కంట్లో పెట్టే లెన్సు పవర్ లెక్కకట్టేటప్పుడు, చెక్కిన కార్నియాను బట్టి లెక్క తప్పుతుంది, ఈ పాత అంకెలుంటే డాక్టరుకు పని తేలికవుతుంది. మా అమ్మాయివి లామినేషన్ చేయించి, పదో తరగతి మార్కుల మెమో పక్కనే పెట్టాను.